స్కానర్‌లో పడుకున్నవాళ్లకూ జవాబు చెప్పండి

మెదడును స్కాన్ చేసి పరిశోధనలు చేస్తున్న శాస్త్రవేత్తలకు, వాటికి అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు, ఆ ఫలితాలను అచ్చువేసే శాస్త్ర పత్రికల సంపాదకులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మీ పరిశోధనల కోసం మూడుసార్లు ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకున్న మనిషిని నేను. ఉత్తరాలు రాసి, జవాబు కోసం ఎదురుచూసి, ఇక నలుగురి ముందూ చెప్పుకోవడం తప్ప దారి లేక ఈ లేఖ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. ఐదేళ్ల కిందట ఒక ప్రయోగశాలవాళ్లు జ్ఞాపకశక్తి మీద అధ్యయనం చేస్తూ, ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లు కావాలంటే వెళ్లాను. సమ్మతి పత్రం చదివి సంతకం పెట్టాను. ఒంటిమీద లోహమన్నది లేకుండా తీసేసి, చెవులకు రక్షణ పెట్టుకుని లోపల పడుకుంటే, తల కదలకుండా రెండు పక్కలా మెత్తలు బిగించారు. 3 టెస్లాల యంత్రం అది. భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 60,000 రెట్లు. గంటసేపు ఆ చప్పుళ్ల మధ్య, తెర మీద ముఖాలు వస్తుంటే ముందు చూసిన ముఖానికి ఒక బటన్, కొత్త ముఖానికి ఇంకో బటన్ నొక్కుతూ పోయాను. కొద్ది మిల్లీమీటర్లు కదిలినా డేటా పాడవుతుందన్నారు. అందుకని ముక్కు దురద పెట్టినా ఓర్చుకున్నాను, గుటక వేయాలన్నా ఆలోచించి వేశాను. బయటికి వచ్చాక అలసటకన్నా సంతోషమే ఎక్కువ ఉంది. ఎప్పటికో ఒకప్పటికి, మతిమరుపుతో బాధపడే ఎవరికో ఇది పనికొస్తుందనుకున్నాను.

పోయినేడాది తలనొప్పులు మొదలై ఆసుపత్రికి వెళ్తే మెదడు పొర మీద చిన్న మెనింజియోమా ఉందని తేలింది. ఇది చాలామందిలో క్యాన్సర్ కాదు, నెమ్మదిగా పెరిగే గడ్డ. డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఇంతకుముందు ఎప్పుడైనా మెదడు స్కాన్ తీశారా?" పాత బొమ్మ ఉంటే కొత్తదాని పక్కన పెట్టి చూస్తారు. ఐదేళ్లుగా అంతే ఉంటే ఏడాదికోసారి చూసుకుంటూ ఉండొచ్చు. పెరుగుతూ వచ్చి ఉంటే ఆపరేషన్ సంగతి ఆలోచించాలి. అంటే నా పుర్రె తెరవాలా వద్దా అన్నదానికి జవాబులో సగం ఆ ప్రయోగశాల కంప్యూటర్‌లో ఉంది.

మొదటి ఉత్తరానికి ఒక వాక్యం జవాబు వచ్చింది: పరిశోధన కోసం తీసిన చిత్రాలు వైద్య నిర్ధారణకు ఉద్దేశించినవి కావు. రెండో ఉత్తరానికి ఇంకో వాక్యం: పేర్లు తొలగించాం కాబట్టి మీవి ఏవో గుర్తించలేం. మూడో ఉత్తరానికీ, ఎథిక్స్ కమిటీకి రాసినదానికీ జవాబే లేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. నాతోపాటు వేరే వేరే అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లను వాకబు చేశాక, ఇది ఒక్క చోటి తప్పు కాదని అర్థమైంది. స్కాన్ అయిపోయిన రోజు తరువాత మమ్మల్ని ఎవరూ పలకరించలేదు.

ఈ పరిశోధనలు ఆపమని నేను అడగడం లేదు. 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదం తరువాత స్పృహ లేదనుకున్న ఒక యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని చెప్పింది. ఆమె మెదడులో కదలికలను సిద్ధం చేసే భాగం, ఆరోగ్యవంతుల్లో స్పందించినట్టే స్పందించింది. మంచం మీద కదలకుండా పడి ఉన్న మనిషి లోపల మన మాట వింటున్నదని ఒక యంత్రం చెప్పగలిగింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, చెప్పిన మాటకు బయటికి ఏ స్పందనా లేని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఇలా లోలోపల స్పందించారు. ఆ 60 మంది ఇళ్లవాళ్లకు ఈ సంగతి ఎంతటిదో ఊహించుకోండి. ఈ శాస్త్రం మీద నాకున్న గౌరవం వల్లే ఈ కింది విషయాలు గట్టిగా అడుగుతున్నాను.

1. మా తలలో ఏదైనా కనిపిస్తే ఏం చేస్తారో ముందే చెప్పండి.

ఆరోగ్యంగా ఉన్నామనుకునేవాళ్ల మెదడును స్కాన్ చేస్తే అనుకోనివి బయటపడటం అరుదేమీ కాదు. 2009లో 16 అధ్యయనాలను కలిపి లెక్క చూస్తే, సుమారు 37 మందిలో ఒకరికి ఇలాంటిది ఏదో ఒకటి కనిపించింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో నడివయసు దాటినవాళ్లు, వృద్ధులు 2,000 మందిని పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో, తమకు తెలియకుండానే మెదడులో రక్తం అందక దెబ్బతిన్న చోట్లున్నవాళ్లు 7.2 శాతం, రక్తనాళం ఉబ్బినవాళ్లు 1.8 శాతం, క్యాన్సర్ కాని గడ్డలున్నవాళ్లు 1.6 శాతం.

ఇక్కడ ఒక చిక్కుందని ఒప్పుకుంటాను. కనిపించిన ప్రతిదీ చెప్పేస్తే మేలుకన్నా కీడు జరిగే సందర్భాలున్నాయి. జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టని చిన్న తేడాను చెప్పి ఒక మనిషికి ఏళ్ల తరబడి నిద్ర లేకుండా చేయొచ్చు. అక్కర్లేని ఆపరేషన్ దాకా తీసుకుపోవచ్చు. పరిశోధనకు తీసే స్కాన్లు వైద్యానికి తీసేవాటిలా ఉండవన్నదీ నిజమే. చాలా ప్రయోగశాలల్లో బొమ్మను మొదట చూసేది మనస్తత్వశాస్త్రమో గణితమో చదివిన విద్యార్థి. గడ్డను గుర్తుపట్టడం అతని చదువులో లేదు, అతన్ని నిందించలేం.

అందుకే అడుగుతున్నాను. మెదడు నిర్మాణాన్ని చూపే ప్రతి స్కాన్‌నూ ఒక రేడియాలజిస్టు చూసేలా ఏర్పాటుండాలి. ఆ ఖర్చు మొదటినుంచీ ప్రాజెక్టు బడ్జెట్‌లో ఉండాలి. వైద్యం అవసరమైనది ఏదైనా కనిపిస్తే తెలుసుకోవాలని ఉందా లేదా అని సంతకానికి ముందే మమ్మల్ని అడగాలి. వద్దన్నవాళ్ల మాటను మన్నించాలి. చూసే ఏర్పాటు లేకపోతే లేదని సమ్మతి పత్రంలో పెద్ద అక్షరాలతో రాయాలి. స్కానర్‌లోంచి బయటికి వచ్చిన వాలంటీరు "ఏదైనా ఉంటే చెప్పేవాళ్లే కదా" అని నిశ్చింతగా ఇంటికి పోతాడు. నేనూ అలాగే పోయాను. తలనొప్పులు మొదలయ్యేదాకా ఆ ధీమాతోనే ఉన్నాను.

2. మా బొమ్మలు మాకు ఇవ్వండి, వాటిని కాపాడండి.

పేరు తీసేశాం కనుక గుర్తించలేం అన్న మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఎందుకంటే మీరు అచ్చువేసినవే వేరేలా చెబుతున్నాయి. తల ఎం.ఆర్.ఐ.లో మెదడుతోపాటు ముఖం ఆకారం కూడా ఉంటుంది. 2019లో 84 మంది వాలంటీర్ల స్కాన్లనుంచి ముఖాలను తిరిగి తయారుచేసి, మామూలుగా దొరికే ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌కు వాళ్ల ఫొటోలతో కలిపి ఇస్తే, 70 మందిని సరిగ్గా జతపరిచింది. ముఖం చెరిపేసినా పని అయిపోదు. మెదడులో ఏ భాగం ఏ భాగంతో కలిసి పనిచేస్తున్నదన్న అల్లిక మనిషికీ మనిషికీ వేలిముద్రలా వేరుగా ఉంటుందని 2015లో తేలింది. 126 మందిలో, ఒకరోజు తీసిన స్కాన్‌తో ఇంకోరోజు స్కాన్‌ను పోల్చి, 90 శాతానికి పైగా సరిగ్గా కనిపెట్టారు.

కావాలనుకున్న అపరిచితుడు నన్ను ఆ డేటాలో పట్టుకోగలడు. నా గడ్డ గురించి అడుగుతున్న నాకు మాత్రం నా బొమ్మ దొరకదు. రేపు బీమా కంపెనీవాడో ఉద్యోగమిచ్చేవాడో ఆ దారిన వస్తే అడ్డుకునేదెవరు?

డేటాను ఒకరితో ఒకరు పంచుకోవద్దని నేననను. పంచుకోబట్టే తప్పులు బయటపడ్డాయి. 2016లో అండర్స్ ఎక్లుండ్, థామస్ నికల్స్, హాన్స్ క్నుట్సన్ అనే పరిశోధకులు అందరికీ అందుబాటులో ఉన్న 499 మంది ఆరోగ్యవంతుల డేటాను తీసుకుని, మెదడు స్కాన్లను విశ్లేషించడానికి ఎక్కువమంది వాడే మూడు సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఏమీ లేనిచోట ఏదో ఉందని చూపే పొరపాటు 5 శాతం ఉండాల్సింది, కొన్ని పద్ధతుల్లో 70 శాతం దాకా పోయింది. ఆ 499 మంది ఎక్కడివాళ్లో, ఎవరో నాకు తెలియదు. వాళ్లు తమ డేటా పంచుకోవడానికి ఒప్పుకోవడం వల్ల ఒక శాస్త్రం తనను తాను సరిదిద్దుకుంది. పంచుకోవడానికి మా అనుమతి విడిగా తీసుకోండి. స్కాన్ అనుమతిలో ఒక వాక్యంగా దాన్ని ఇరికించకండి. బయటికి ఇచ్చేముందు ముఖం తొలగించండి. పేరుకూ నంబరుకూ జత కలిపే జాబితాను ఎన్నేళ్లు ఉంచుతారో, ఎప్పుడు చెరిపేస్తారో ముందే చెప్పండి. చెరిపేసేముందు మాకో మాట రాయండి, బొమ్మలు కావాలనుకున్నవాళ్లు అడిగి తీసుకుంటారు.

3. పాతికమందిని చూసి అందరి గురించీ చెప్పకండి.

ఇది నా సొంత బాధ కాదు. కానీ దీని దెబ్బ నాకన్నా ఎక్కువమందికి తగులుతున్నది. 2022లో దాదాపు 50,000 మంది స్కాన్లను కలిపి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. మెదడు ఆకారానికో పనితీరుకో, మనిషి తెలివితేటలకో మానసిక స్థితికో ఉన్న సంబంధాన్ని నమ్మకంగా చెప్పాలంటే వేలమంది కావాలని అది తేల్చింది. ఈ రంగంలో మామూలుగా జరిగే అధ్యయనంలో ఉండేది 25 మంది. తక్కువమందితో చేసినప్పుడు కాకతాళీయంగా పెద్దగా కనిపించిన సంబంధమే అచ్చుకు ఎక్కుతుంది. మరొకరు చేసి చూస్తే అది కనిపించదు. వేలు కదిపితే మెదడులో ఏ చోటు పనిచేస్తుంది, ఆపరేషన్‌కు ముందు ఈ రోగికి మాట ఏ పక్కన ఉంది లాంటి ప్రశ్నలకు వేలమంది అక్కర్లేదు, ఒక్కరిని జాగ్రత్తగా చూసినా చాలు. నేను మాట్లాడుతున్నది "ఇలాంటి మెదడున్నవాళ్లు ఇలాంటి మనుషులు" అనే తీర్పుల గురించి.

ఒకే డేటా ఇచ్చినా జవాబులు ఒకటిగా రావడం లేదు. 2020లో 108 మంది స్కాన్లను 70 బృందాలకు ఇచ్చి, అవే 9 ప్రశ్నలు వేశారు. ఏ రెండు బృందాలూ ఒకేలా విశ్లేషించలేదు, జవాబులు కూడా చాలాచోట్ల కలవలేదు. దాచుకోకుండా దాన్ని ప్రకటించినవాళ్లకు నా నమస్కారం. కానీ ఆ తరువాత ఒక్క బృందం, ఒక్క పద్ధతితో చేసిన ఫలితాన్ని తిరుగులేనిదిగా ఎలా ప్రకటిస్తున్నారు? ఒకే మనిషికి ఒకే పని ఇచ్చి రెండుసార్లు స్కాన్ చేస్తే వచ్చే కొలతలు ఎంతవరకు కలుస్తాయో 2020లోనే వేరేవాళ్లు లెక్కేశారు. సున్నా నుంచి ఒకటి దాకా ఉండే ఆ కొలమానంలో, ఒకటి అంటే పూర్తిగా కలిసినట్టు, సగటున వచ్చింది 0.4.

పిల్లల విషయం వేరుగా చెప్పాలి. పిల్లలు స్కానర్‌లో పెద్దవాళ్లకన్నా ఎక్కువ కదులుతారు. ఆ కదలిక వల్లే మెదడులో దూరపు భాగాల మధ్య బంధం తక్కువగా, దగ్గరి భాగాల మధ్య ఎక్కువగా కనిపిస్తుందని 2012లో తెలిసింది. అంతకుముందు ఎదుగుతున్న మెదడు గురించి చెప్పిన మాటల్లో కొంత, పిల్లవాడు కుదురుగా ఉండలేకపోవడం గురించేనన్నమాట. ఈ లోపల ఆ మాటలు వార్తలయ్యాయి, సలహాలయ్యాయి. బిడ్డకు మాట ఆలస్యమైందనో, చదువు ఎక్కడం లేదనో కుమిలిపోయే తల్లిదండ్రుల చేతికి రంగుల బొమ్మలు పెట్టి, ఇదిగో ఇక్కడ లోపం అని చూపేవాళ్లు పుట్టుకొచ్చారు. ఆ తల్లి మీ శాస్త్ర పత్రిక చదవదు. మీరు వెనక్కి తీసుకున్న మాట ఆమెదాకా రాదు.

కాబట్టి ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో, ఎలా విశ్లేషిస్తారో స్కాన్లకు ముందే నమోదు చేయండి. ఏమీ తేలకపోతే అది కూడా అచ్చువేయండి. సంపాదకులు ఈ రెండింటికీ చోటివ్వాలి. అధ్యయనం ముగిశాక, ఏం తెలిసిందో ఒక్క పేజీలో మామూలు మాటల్లో రాసి పాల్గొన్నవాళ్లకు పంపండి. నేను నొక్కిన ఆ బటన్ల వల్ల ఏం తేలిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

4. ఎర్ర మచ్చ అంటే ఏమిటో జనానికి నిజం చెప్పండి.

మెదడులో ఒక చోటు ఎర్రగా మండుతున్నట్టు చూపే బొమ్మను చూసి, ఆలోచన అక్కడ వెలుగుతున్నదని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మెదడు పనిచేస్తుండగా తీసే ఎం.ఆర్.ఐ.ని ఎఫ్.ఎం.ఆర్.ఐ. అంటారు. అది చూసేది రక్తాన్ని. ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్‌కూ లేనిదానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంది. దాన్ని ఆసరా చేసుకుని మెదడు బొమ్మ తీయొచ్చని జపాన్ శాస్త్రవేత్త సేజీ ఒగావా 1990లో చూపారు. నాడీకణాలు మిల్లీసెకన్లలో పనిచేస్తాయి. వాటికోసం పెరిగే రక్తప్రవాహం పూర్తి స్థాయికి రావడానికి ఐదు సెకన్ల దాకా పడుతుంది. బొమ్మలోని ఒక్కో చిన్న ఘనంలో లక్షల నాడీకణాలుంటాయి. రెండు పనులప్పటి కొలతల్లో వచ్చే చిన్న తేడాకు లెక్క కట్టి, ఒక హద్దు దాటిన చోట రంగు వేస్తారు. రంగు లేని చోట మెదడు నిద్రపోవడం లేదు.

అలాంటప్పుడు, భయంతో ముడిపెట్టి చెప్పే ఎమిగ్డలా అనే మెదడు భాగం స్పందించింది గనుక ఇతను భయపడ్డాడు అని వెనక్కి చదవడం చెల్లదు. ఎమిగ్డలా కొత్త వస్తువుకూ, సంతోషపెట్టే వాటికీ స్పందిస్తుంది. మెదడు స్కాన్ల పరిశోధకుడు రసెల్ పోల్‌డ్రాక్ 2006లోనే ఈ పొరపాటును విడమరిచి చెప్పారు. అయినా ప్రెస్ నోట్లలో "ప్రేమ కేంద్రం", "అబద్ధపు కేంద్రం" ఆగలేదు. అబద్ధం పట్టిస్తామంటూ ఈ స్కాన్లను అమ్మకానికి పెట్టినవాళ్లున్నారు. 2010లో అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు అలాంటి స్కాన్‌ను సాక్ష్యంగా తీసుకోనంది. అదే ఏడాది భారత సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా బ్రెయిన్ మ్యాపింగ్ వంటి పరీక్షలు చేయరాదని తీర్పిచ్చింది. నిందపడ్డ మనిషిని కాపాడటానికి న్యాయమూర్తులు ముందుకు రావాల్సి వచ్చింది. అంతదాకా రాకుండా ఆ మాట మీరే గట్టిగా చెప్పి ఉండాల్సింది. మీ సంస్థనుంచి వెళ్లే ప్రతి ప్రెస్ నోట్‌లో ఎంతమందిని చూశారో, ఈ ఫలితం దేన్ని రుజువు చేయదో రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి.

5. వదిలేస్తున్నవాళ్లను లెక్కలోకి తీసుకోండి.

ఎడమచేతి వాటంవాళ్లు జనాభాలో పదిమందిలో ఒకరు. డేటా ఒకేలా ఉండాలని వాళ్లను చాలా అధ్యయనాల్లో మొదటే పక్కన పెడతారు. దగ్గరగా చుట్టుకుని ఒత్తుగా పెరిగే జుట్టున్నవాళ్లకు, తల మీద పెట్టి మెదడులోని విద్యుత్ సంకేతాలను కొలిచే ఈ.ఈ.జీ. ఎలక్ట్రోడ్లు చర్మానికి సరిగ్గా ఆనవని వాళ్లనూ వదిలేస్తారు. ప్రముఖ మనస్తత్వశాస్త్ర పత్రికల్లో అచ్చయిన అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం మంది, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పారిశ్రామిక పాశ్చాత్య దేశాలవాళ్లని 2010లో లెక్క చెప్పారు. ఇలా వచ్చిన "సగటు మెదడు"తో పోల్చి మిగతావాళ్లకు తేడా ఉందంటే, ఆ తేడా ఎవరిది? ఎవరిని ఎందుకు తీసుకోలేదో ప్రతి పత్రంలో రాయండి. అందరి తలకూ సరిపోయే పరికరాలు తయారుచేయించండి.

ఎథిక్స్ కమిటీల సభ్యులకు విడిగా ఒక మాట. మీరు కాగితాలు చూసి అనుమతిస్తారు, ఆ తరువాత మాకు మీరు కనిపించరు. సమ్మతి పత్రం చివర మీ చిరునామా ఉంటుంది, ఫిర్యాదులుంటే రాయమని ఉంటుంది. నేను రాశాను. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా జవాబిస్తామని గడువు పెట్టి, దానికి కట్టుబడండి. మీ సభ్యుల్లో కనీసం ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు స్కానర్‌లో పడుకున్న మామూలు వాలంటీరై ఉండాలి.

నా తరువాతి స్కాన్‌కు నాలుగు నెలల గడువుంది. కోసి తీయడమా, ఇంకో ఏడాది ఆగడమా అన్నది డాక్టరు గారు అప్పుడు చెబుతారు. నా వాలంటీరు నంబరు, స్కాన్ తీసిన తేదీ మూడు ఉత్తరాల్లోనూ రాశాను, సమ్మతి పత్రం నకలు కూడా జతచేశాను. ఈ లేఖ ఎవరిని ఉద్దేశించిందో ఆ ప్రయోగశాలవాళ్లకు చదవగానే తెలుస్తుంది. ఆ బొమ్మల ఫైలును నాలుగు నెలలలోపు నాకు గానీ, నేను పేరు రాసిచ్చిన నా డాక్టరు గారికి గానీ పంపండి.

ఇట్లు,
మూడు అధ్యయనాల్లో పాల్గొన్న ఒక వాలంటీరు